లాగింది ఎద్దా, కర్రా?

కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నా.

సంక్రాంతికి, తిరునాళ్లకి బండలాగుడు పోటీలు పెడతాం. ఒంగోలు గిత్తలకి ఉలవలు, తవుడు పెట్టి మేపుతాం. బిడ్డల్లా సాకుతున్నాం అంటాం. మేపు వరకు నిజమే, కాదనను. మరి బరిలోకి దిగాక? చర్నాకోలతో బాదటం, ముల్లుకర్రతో పొడవటం, తోక మెలిపెట్టటం. అది నురగలు కక్కుతుంటే మనం ఈలలు వేస్తాం. ఏ బిడ్డని ఇలా సాకుతామండీ?

నేనూ తప్పు చేసినోణ్ణే. మా వలపటెద్దు పిలిస్తే చాలు, మళ్లు తిరిగేది. ఒక ఏడు పందెంలోకి దించి, పంతం కొద్దీ కొట్టా. బహుమతి రాలేదు. ఆ రాత్రి మేత వేయబోతే నా చెయ్యి చూసి బెదిరి వెనక్కి జరిగింది. ఏళ్ల నమ్మకం ఒక్క పూటలో పోయింది.

సంప్రదాయం అంటారు. కనుమ నాడు బొట్టు పెట్టి మొక్కటం కూడా సంప్రదాయమేగా! పైగా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఇలా బాదటం నేరం.

పోటీలు ఆపమనటం లేదు. బరిలోకి కర్ర, కొరడా రాకూడదు అంటున్నా. తోలేవాడి గొంతుకి ఎన్ని అడుగులు లాగితే అన్నే లెక్క. దూరం తగ్గుద్ది అంటారా? తగ్గనీండి, అందరికీ తగ్గుద్దిగా! అప్పుడు తెలుస్తుంది ఎవరి ఎద్దు ఎవరి మాట వింటుందో.

ఈసారి మా ఊరి కమిటీలో ఈ మాట నేనే ఎత్తుతా. మీ ఊళ్లో మీరు ఎత్తండి.