ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పేదెవరు?
కృష్ణా డెల్టా ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ప్రణాళిక

మేం విజయవాడలోనూ కృష్ణా డెల్టా ఊళ్లలోనూ పాఠాలు చెప్పుకునేవాళ్లం, పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్లం. మాలో హైస్కూలు టీచర్లు, జూనియర్ లెక్చరర్లు, ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, తల్లిదండ్రులు ఉన్నారు. పదో తరగతి తర్వాత ఏం చదవాలో, చదివితే ఏమవుతుందో పిల్లలకు చెప్పగల మనుషులకు ప్రభుత్వం తన ఖర్చుతో శిక్షణ ఇప్పించాలి, తన జీతం మీద పెట్టుకోవాలి. మేం కోరేది ఇదే.

సలహాలకు మా వైపు కొదవేమీ లేదు. సంక్రాంతి దాటిందంటే అవనిగడ్డ నుంచి కైకలూరు దాకా పదో తరగతి పిల్లలున్న ఇళ్ల ముందు బైకులు ఆగుతుంటాయి. వచ్చినాయన ఏదో కాలేజీ పీఆర్వో. చేతిలో ట్యాబు, బ్యాగులో రసీదు పుస్తకం. పాప పేరు, తండ్రి ఫోన్ నంబరు ఆయనకు ముందే తెలుసు, ఎలా తెలిశాయని అడిగేవాళ్లు తక్కువ. ‘ఇప్పుడు అడ్వాన్సు కడితే కన్సెషన్ ఇప్పిస్తానండీ, పరీక్షలయ్యాక వస్తే సీటు నా చేతిలో ఉండదు’ అంటాడు. ఎంపీసీ అంటాడు, బైపీసీ అంటాడు. ఆ రెండూ దాటి మూడోది ఆయన నోట రాదు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయనకు టార్గెట్ ఉంది, అది పూర్తయితేనే జీతం. మాలో ప్రైవేటు కాలేజీల్లో పనిచేసి వచ్చిన లెక్చరర్లు ఎండాకాలం సెలవుల్లో ఇదే టార్గెట్ నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగినవాళ్లే. సలహా చెప్పేవాడికి డబ్బిచ్చేది కాలేజీ అయినప్పుడు ఆ సలహా కాలేజీ వైపే మొగ్గుతుంది. విదేశీ చదువుల కన్సల్టెన్సీల్లో చాలా వాటి ఉచిత సలహా కూడా ఈ బాపతే. అక్కడ కమీషన్ ఇచ్చేది సముద్రం అవతలి యూనివర్సిటీ.

సర్కారు తరఫున సలహా ఎక్కడైనా దొరుకుతోందా అంటే, ఏడాదికోసారి కెరీర్ గైడెన్స్ సదస్సు జరుగుతుంది. షామియానా వేస్తారు, ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తారు, కలలు కనమంటారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో పడుతుంది. వెనక వరసలో కూర్చున్న పిల్లకు తన సంగతి అడిగే వీలు ఉండదు.

ఆ పిల్ల సంగతే చూద్దాం. కొల్లేరు పక్క ఊరు, తండ్రి చేపల చెరువు మీద కాపలా, పాపకు జీవశాస్త్రంలో మంచి మార్కులు. ఇంట్లో అందరూ చెప్పేది బైపీసీ, నీట్. నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్, అప్పు తెచ్చి మళ్లీ లాంగ్ టర్మ్. తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే ఆమెకు ఇంకొన్ని దారులు కనిపిస్తాయి. బైపీసీ తర్వాత ఈఏపీసెట్ రాసి ఫిషరీస్ డిగ్రీ అయిన బీఎఫ్ఎస్సీలో చేరవచ్చు. తండ్రి చెరువులో ఏటా ఏ జబ్బు వస్తుందో కళ్లారా చూసిన పిల్లకు ఆ చదువు కొత్తగా అనిపించదు. పదో తరగతితోనే ఫిషరీస్ పాలిటెక్నిక్, వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నాయి. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్లవచ్చు. ఇంటర్ వొకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది. 2025-26 నుంచి ఇంటర్ బోర్డు మ్యాథ్స్, బయాలజీ రెండూ కలిపి చదువుకునే వీలు కూడా ఇచ్చింది. 2023-24లో డిగ్రీ సింగిల్ మేజర్‌కు మారింది. దారులు పెరిగిన కొద్దీ పదిహేనేళ్ల పిల్ల చేయాల్సిన లెక్క కష్టమవుతోంది. ఈ లెక్క ఆమెకు తెలియదు. తండ్రికీ తెలియదు. నిజం ఒప్పుకోవాలంటే మా టీచర్లలో సగం మందికి తెలియదు, ఎందుకంటే మాకూ ఎవరూ నేర్పలేదు.

విజయవాడ పిల్లల సంగతీ అంతే. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్, ఆటోనగర్, ఆర్టీసీ డిపోలు, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు, బందరులో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), ఇవన్నీ గంటా రెండు గంటల దూరంలోనే. 1961 నాటి చట్టం ప్రకారం ఇలాంటి చోట్ల స్టైపెండ్ ఇచ్చి అప్రెంటిస్‌గా తీసుకునే పద్ధతి ఉందని, పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చని ఎంతమందికి ఎవరు చెప్పారు?

ఇదేమీ కొత్త కోరిక కాదు. పిల్లలకు చదువుల్లో మార్గదర్శనం కావాలని 1952-53లో మొదలియార్ కమిషన్ అడిగింది. 1964-66లో కొఠారి కమిషన్ అడిగింది. 2020 జాతీయ విద్యా విధానంలోనూ కౌన్సెలర్ల మాట ఉంది. మా చేతికి అసలైన పట్టు దొరికింది మాత్రం 2025 జులై 25న. విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ రోజు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. పిల్లలకూ తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ జరగాలని, అది అర్హులే చేయాలని కూడా అంది. మంచి మాట. ఆ అర్హులు ఎక్కడి నుంచి వస్తారు? శిక్షణ లేకుండా ఈ నియమం అమలైతే జరిగేది మాకు తెలుసు. పీఆర్వో గది తలుపు మీద బోర్డు మారుతుంది, కుర్చీలో మనిషి మారడు.

ఇంగ్లండ్ ఈ తప్పు చేసి చూసింది. 2011లో చట్టం తెచ్చి కెరీర్ సలహా బాధ్యతను బడుల మీద పెట్టారు, దానికి తగ్గ డబ్బు మాత్రం బడులకు ఇవ్వలేదు. సలహా పలచబడిందని పార్లమెంటు కమిటీయే తప్పుపట్టింది. 2018 నుంచి బడుల్లో ఈ పని చూసే టీచర్ల శిక్షణకు ప్రభుత్వం డబ్బు పెట్టడం మొదలుపెట్టింది. అక్కడ ఏళ్లు పట్టిన పాఠం మనకు ఊరికే దొరుకుతోంది.

శిక్షణ అంటే ఏదో ఆకాశం నుంచి దిగాల్సిన వస్తువు కాదు. ఎన్‌సీఈఆర్‌టీకి గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది. కొంత దూరవిద్య, కొంత కాలం కేంద్రంలో ఉండి చదవడం, కొంత ఇంటర్న్‌షిప్. దక్షిణాది వాళ్లకు కేంద్రం మైసూరు. కోర్సు ఉంది, వెళ్లేవాళ్లే లేరు. జీతం పోతుందేమోనని భయం, హెడ్మాస్టరు రిలీవ్ చేయరని భయం, తిరిగొచ్చాక ఆ చదువుకు తగ్గ పోస్టు ఉండదన్న నిజం. ప్రతి మండలం నుంచి కనీసం ఇద్దరిని ఆన్ డ్యూటీ మీద, పూర్తి జీతంతో పంపాలి. ఫీజు, ప్రయాణం, బస ప్రభుత్వమే భరించాలి. ప్రతిగా వాళ్లు కొన్నేళ్లపాటు ఆ మండలంలోనే పనిచేస్తామని బాండు రాయాలి. ఇక్కడి కోర్సులు, ఇక్కడి పనులు, ఇక్కడి సెట్‌ల గురించి తెలుగులో నేర్పే రెండో విడత అంగలూరులోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో పెట్టవచ్చు. మైసూరులో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల గురించి చెప్పరు కదా.

ఇంజినీరింగ్ సీటుకు ప్రభుత్వం నాలుగేళ్లు ఫీజు కడుతోంది. ఆ సీటు ఎంచుకున్న పది నిమిషాల మీద రూపాయి పెట్టడం లేదు. డబ్బు లేదనేవారికి మా జవాబు ఇది.

శిక్షణ పొందిన సలహాదారు ఎలా ఉండాలన్నదాని మీదా మాకు పట్టుదలలున్నాయి. ఏ కాలేజీ నుంచీ, ఏ కన్సల్టెన్సీ నుంచీ పైసా, పెన్ను, క్యాలెండర్ తీసుకోకూడదు. ఎన్నికల డ్యూటీ, సర్వేలు అంటగట్టకూడదు. మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించిన టీచర్లం, ఇలాంటి పనులు అసలు పనిని ఎలా మింగేస్తాయో మాకు చెప్పక్కర్లేదు. పని ఎనిమిదో తరగతిలోనే మొదలవ్వాలి. పదిలో మొదలుపెడితే అడ్వాన్సు అప్పటికే కట్టేసి ఉంటారు. తల్లిదండ్రుల్ని కలిసేది వాళ్లకు వీలైన వేళ కావాలి. నాట్ల రోజుల్లో పగలు పదకొండింటికి మీటింగ్ పెడితే సంతకాలు దొరుకుతాయి, మనుషులు దొరకరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మాలో మేం ఎక్కువగా వాదించుకున్నది ఇంకొకటి. కూలివాళ్ల పిల్లాడికి ఐటీఐ, డాక్టరు గారబ్బాయికి ఐఐటీ అని పంచిపెట్టే సలహాదారు మాకొద్దు. దళితవాడ నుంచి వచ్చిన తల్లి ఒకామె సూటిగా అడిగింది: ‘మా వాళ్లను మెకానిక్కులుగా ఉంచడానికే కదండీ ఈ సలహాలు?’ ఆ అనుమానం న్యాయమైనది. అందుకే నియమం పెట్టుకున్నాం. సలహాదారు దారులన్నీ చెబుతాడు, ఖర్చు చెబుతాడు, ఎక్కడ స్కాలర్‌షిప్ ఉందో చెబుతాడు. ‘నీకిది చాలు’ అనడు. ఆడపిల్లను దూరం పంపం అనే ఇంట్లో హాస్టల్ పేరు, వార్డెన్ నంబరు సహా మాట్లాడతాడు.

కార్పొరేట్ కాలేజీల సీఎస్ఆర్ నిధులతో శిక్షణ మొదలుపెడదామని మాలో కొందరన్నారు. ఒప్పుకోలేదు. యాప్ పెడితే చాలదా అని ఇంకొందరు. 2015 నుంచి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, అందులో సమాచారమూ ఉంది. కాపలా గుడిసెలో ఆ తండ్రి ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పే మనిషి అందులోంచి రాడు.

రాష్ట్రమంతా ఒకేసారి అడగడం లేదు. ముందు కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో మొదటి బ్యాచ్‌ను వచ్చే విద్యా సంవత్సరంలో పంపండి. 2024 డిసెంబరు 7న మొదలైన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో వాళ్లకొక బల్ల వేయండి.

ఈ ప్రణాళికతో ఏకీభవించే ఎవరైనా మాతో చేరవచ్చు. పీఆర్వోలు కూడా రావచ్చు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు చదువుతున్నారో వాళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు. అడ్మిషన్ మీద కమీషన్ వదులుకుని రావాలి, అంతే.