కంచ గచ్చిబౌలి: సొత్తా, నిక్షేపమా?

ఒక భూమి యెవరిదన్న ప్రశ్న వేరు. ఆ భూమిని ఏమి చేయవలెనన్న ప్రశ్న వేరు. మొదటిదానికి న్యాయస్థానము బదులు చెప్పును. రెండవదానికి ప్రజలు బదులు చెప్పుకొనవలెను. ఈ రెంటిని కలగలుపుటవలననే హైదరాబాదు నగరపు పడమటి కొసన, కేంద్రీయ విశ్వవిద్యాలయము నానుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల విషయమున ఇంత కలహము పుట్టినదని మా యభిప్రాయము. భూమి ప్రభుత్వముది గనుక అమ్ముట తప్పు కాదని ఒక పక్షము. అమ్ముట తప్పు గనుక భూమి ప్రభుత్వముది కాదని మరియొక పక్షము. రెండు వాదములలోను సగము సత్యము మాత్రమే కలదు. భూమి ప్రభుత్వముదే, అయినను అమ్ముట తప్పే.

జరిగిన సంగతిని క్రమముగ చెప్పుకొందము. కంచ యనగా తెలంగాణమున పసులు మేయు బీడు. ఊరివారందరి పసులకును ఆధారమైన చోటని ఆ పేరే చెప్పుచున్నది. 1969 లో తెలంగాణోద్యమమును, 1972 లో జై ఆంధ్రోద్యమమును నడచి, ఎందరో యువకులు ప్రాణములు కోల్పోయిన పిమ్మట, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము కుదిరినది. దాని ననుసరించి రాజ్యాంగమున 371-ఇ అధికరణము చేర్చబడినది. 1974 లో పార్లమెంటు చట్టముచే హైదరాబాదు విశ్వవిద్యాలయము వెలసినది. దానికి నగరము వెలుపల సుమారు 2,300 ఎకరముల భూమిని చూపిరి. కలహించుకొన్న సోదరులకు ఉమ్మడి సాంత్వనముగ లభించిన విద్యాలయమది. అయితే భూమిని చూపినవారు హక్కుపత్రములను వ్రాసి యీయలేదు; పుచ్చుకొన్నవారు వ్రాయించుకొనలేదు. నాటి ఉపేక్షయే నేటి వివాదమునకు మూలము.

2003 లో ఆనాటి ప్రభుత్వము ఈ 400 ఎకరములను క్రీడాశిక్షణ పేర ఒక ప్రైవేటు సంస్థకు కట్టబెట్టుటకు ఒడంబడిక చేసికొన్నది. 2006 లో తరువాతి ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దు చేసినది. అటుపిమ్మట సుమారు పదునెనిమిదేండ్లు వ్యాజ్యము సాగి, 2024 మార్చిలో హైకోర్టున ప్రభుత్వపక్షము గెలిచినది. ఆ యేడు మే నెలలో సుప్రీముకోర్టు కూడ జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. ఈ పోరాటము ప్రశంసింపదగినది. చేజారిన ప్రజల సొమ్మును తిరిగి రాబట్టిన ప్రభుత్వమువారిని మేము మనసార అభినందించుచున్నాము. ఒక కంపెనీ చేతినుండి విడిపించిన భూమిని పెక్కు కంపెనీల యెదుట వేలమునకు పెట్టదలచుటయే మాకు అర్థము కాని సంగతి.

వెంటనే ఆ భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ పరమైనది. సమాచార సాంకేతిక సంస్థలు, వాటితోపాటు ఇతర వాణిజ్య భవనములు వెలయునట్లు యోచన సిద్ధమైనది. 50 వేల కోట్ల రూపాయల పెట్టుబడి వచ్చుననియు, 5 లక్షల మందికి ఉపాధి కలుగుననియు అధికారులు ప్రకటించిరి. ఇంతలో 2025 మార్చి 30 వ తేదీ వచ్చినది. అది ఉగాది. ఇంటింట మామిడాకులు కట్టుకొను దినమున, ఆ బీటిలోనికి మట్టి త్రవ్వు యంత్రములు వరుసగ వచ్చి చెట్లను పెకలించినవి. అడ్డువచ్చిన విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయిరి. రాత్రింబగళ్లు పని సాగెను. న్యాయస్థానములకు సెలవులున్న దినములలో ఈ తొందర యెందులకో మేము చెప్పనక్కరలేదు. ఏప్రిల్ 3 వ తేదీన సుప్రీముకోర్టు తనంతతాను విషయమును చేపట్టి పనిని నిలిపివేసినది. ఆ దినముననే అక్కడకు పోయి చూచిన హైకోర్టు అధికారి, సుమారు 100 ఎకరములలో వృక్షసంపద నాశనమైనదనియు, ఆ చోట నెమళ్లు, లేళ్లు కనబడినవనియు నివేదించెను. ఆగస్టు 13 న ఆ న్యాయస్థానమే తాను అభివృద్ధికి విరోధి కాననియు, ప్రకృతిని కాపాడు సమగ్రమైన ప్రతిపాదనతో రావలసినదనియు ప్రభుత్వమునకు చెప్పినది.

ఈ యలజడిలో యంత్రములచే కల్పింపబడిన బొమ్మలు కూడ నిజమైన ఛాయాచిత్రములతో కలిసి దేశమంతట వ్యాపించినవి. ఇది తగని పని. చెట్టును కూల్చినమాట నిజమై యుండగా పారిపోవు లేడి బొమ్మను కల్పింపవలసిన పని యేమి? సత్యపక్షమునకు అసత్యము ఊత కానేరదు. కాని ఆ బొమ్మల నెపమున, కనుల యెదుటనున్న మోడులను కూడ కల్పనలే యనుట అంతకంటె తగని పని.

ఇక ప్రభుత్వమువారి ముఖ్యవాదమును విచారింతము. ఉపాధి కావలదా యని వారు అడుగుచున్నారు. కావలెను. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాదు మొదలగు జిల్లాలనుండి పట్టాలు చేతబట్టుకొని అద్దె గదులలో కాలము వెళ్లబుచ్చు యువకుల కష్టము మేమెరుగుదుము. 1998 లో సైబర్ టవర్సు వెలసిన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు మన పిల్లలకు అన్నము పెట్టుచున్నవి. వాణిజ్యమును, కర్మాగారములను నిందించుట మా ఉద్దేశము కాదు. అయితే ఉపాధిని కలిగించునది భూమిపై నెలకొను వ్యవసాయమో, వ్యాపారమో, పరిశోధనమో కాని భూమి యొక్క విక్రయము కాదు. వేలమున మిక్కిలి యెక్కువ ధర పాడినవాడు ఆ ధరను రాబట్టుకొనుటకు మిక్కిలి యెక్కువ అద్దె నిచ్చువానికే చోటిచ్చును. 2023 ఆగస్టులో ఇరుగునే యున్న కోకాపేటలో ఎకరము 100 కోట్లు దాటి పలికినది. ఆ ధరకు కొన్న నేలపై కొత్తగా పరిశ్రమ నారంభించు బీద పట్టభద్రునకు ఒక గది దొరకునా? ప్రయోగశాల పెట్టుకొనదలచిన ఆచార్యునకు చోటు దొరకునా? కార్యాలయములు, నివాసములు, అంగళ్లు అన్నియు ఒకచోటనే యని చెప్పుదురు. అక్కడ ఊడ్చువారు, కావలి కాయువారు, కాఫీ కలుపువారు మాత్రము రెండు బస్సులు మారి రావలసినదే. అన్నియు కలిసిన వాడలో అందరును కలిసి యుండవలదా?

ఖజానాకు సొమ్ము కావలెనని మరియొక వాదము. రైతుబిడ్డలమైన మనకు దీనికి సమాధానము తెలియును. కరవు వచ్చినను రైతు విత్తనపు గింజలను దాచును. వాటిని వండుకొని తిన్నయింట మరుసటి యేడు పొయ్యి రాజదు. నగరమున ప్రభుత్వభూమి అట్టి విత్తనము. దానిని అమ్మగా వచ్చిన కోట్లు ఒకటి రెండు సంవత్సరముల వ్యయములో కరగిపోవును. అమ్ముడైన నేల మాత్రము మరల రాదు. రేపు ఒక ఆసుపత్రికి, ఒక బడికి, ఒక చెరువుకట్టకు చోటు కావలసివచ్చినపుడు ప్రభుత్వమే బజారుకు పోయి ప్రజల సొమ్ముతో కొనవలసివచ్చును. తండ్రి యాస్తిని అమ్ముకొని బ్రతుకు కుమారుని లోకము మెచ్చదు. ప్రభుత్వమైతే ఏల మెచ్చవలెను?

విద్యాలయముల పార్శ్వమున వాణిజ్యము వెలయరాదని మేమనము. వెలసి, రెంటికిని మేలు కలిగిన చోట్లు కలవు. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు దాత యిచ్చిన భూమిని అమ్మరాదన్న నియమము కలదు. ఆ నియమము వారికి ప్రతిబంధకము కాలేదు, వరమే యైనది. 1951 లో వారు భూమిని దీర్ఘకాలపు కౌలుకిచ్చి పారిశ్రామికవనము నారంభించిరి. నేడది సుమారు 700 ఎకరములు. కొత్త విద్యల కంపెనీలు అక్కడ పెరిగినవి. అద్దె విద్యాలయమునకు వచ్చుచున్నది. భూమి విద్యాలయముదిగనే యున్నది. అంతదూర మేల? మన పొరుగున చెన్నపట్టణమున ఐ.ఐ.టి.వారి పరిశోధనవనము తమిళనాడు ప్రభుత్వమిచ్చిన సుమారు 11 ఎకరములలో 2010 లో ఆరంభమైనది. అందు చోటు కోరు సంస్థ అద్దె చెల్లించినంతనే చాలదు. ఆచార్యులతోను విద్యార్థులతోను కలిసి పనిచేసినట్లు లెక్క చూపవలెను. మన కంచలో యోచించినది 400 ఎకరములు. ఆ 11 ఎకరములను చూచిన పిమ్మట, మనకు కొరవడినది నేల కాదనియు, నియమమనియు తోచకమానదు.

కావున మేము కోరునది యిది. మొదట, ఈ నేలలో అడవి యేదో, నీటిపట్టు ఏదో, శిలలెచ్చట నున్నవో, ప్రాణులెచ్చట మసలుచున్నవో నిపుణులచే లెక్కింపించి ఆ పటమును ప్రజలయెదుట పెట్టవలెను. కాగితముపై అడవియని వ్రాయని మాత్రమున అడవి కాకపోదని సుప్రీముకోర్టు 1996 డిసెంబరులోనే గోదావర్మను వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నది. లెక్క ముందు, గొడ్డలి తరువాత. ఇచట వరుస తారుమారైనది. కూలిన భాగమున చెట్లను మరల పెంచవలెను. రెండవది, అడవిగా తేలినదానిని అడవిగనే విడువవలెను. మిగులు నేల యేమైన నున్నయెడల దానిని అమ్మక, గడువుగల కౌలునకు మాత్రమే, అదియును విశ్వవిద్యాలయముతో కలిసి పరిశోధనము చేయు సంస్థలకును, కొత్తగా పరిశ్రమ పెట్టు యువకులకును, అక్కడ పనిచేయు అల్పాదాయుల నివాసములకును ఈయవలెను. కౌలుసొమ్ములో ఒక పాలు విద్యకు చేరవలెను. మూడవది, విశ్వవిద్యాలయము చేతనున్న తక్కిన భూమికి హక్కుపత్రములను వెంటనే వ్రాసి యీయవలెను. అర్ధశతాబ్దపు బాకీ యది. దానిని తీర్పకున్న ఈ కలహమే మరియొక సర్వేనంబరున మరల పుట్టును.

విశ్వవిద్యాలయమువారికి కూడ ఒక మాట. చేతికందిన సంపదకు కాగితము సంపాదింపక యేబదియేండ్లు గడపుట విద్వాంసులకు శోభ కాదు. అంతకంటె గొప్ప లోపము మరియొకటి కలదు. ఆ గోడలోపల ఏమి చదువుదురో, ఏమి కనుగొందురో నగరమున సామాన్యునకు తెలియదు. తన బిడ్డ చదువు చోటని, తనకు మేలు చేయు చోటని ఊరివాడు తలచిననాడు ఆ భూమికి కావలివాని యవసరముండదు. ఊరికి దూరమైన విద్యాలయపు గోడను యంత్రము సులభముగ దాటును.

ఇది ఒక పార్టీ పేరు పెట్టి తిట్టవలసిన విషయము కాదు. భూమిని ప్రైవేటుకు కట్టబెట్టజూచినది ఒక ప్రభుత్వము, విడిపించినది మరియొకటి, వేలమునకు తలపడినది వేరొకటి. కుర్చీలో కూర్చున్నవారు మారుచుందురు. అమ్మకపు తలపు మాత్రము మారుటలేదు. ఏలయన, ప్రభుత్వభూమి యనగా ప్రభుత్వమున కున్న సొత్తని మనమే తలచుచున్నాము. అది సొత్తు కాదు, నిక్షేపము. పుట్టబోవువారు మనయొద్ద దాచిన మూట. దేవాలయ ధర్మకర్తకు మాన్యమును సాగుచేయించు అధికారము కలదు. దాని ఫలమును దేవునికి, భక్తులకు వినియోగించు బాధ్యత కలదు. మాన్యమునే అమ్ముకొని నేను ధర్మకర్తను కానా యన్నచో ఊరు ఊరకుండునా?

చదువరులారా, మీ పట్టణమున కూడ మునిసిపాలిటీ వారి ఖాళీస్థలమో, కళాశాలవారి ఆటస్థలమో, చెరువు శిఖమో తప్పక యుండును. రేపది వేలమునకు వచ్చును. వచ్చిన పిమ్మట కేకలు వేయుటకంటె నేడే పోయి దాని పటమును, లెక్కను అడుగుడు. ఉగాదినాడు యంత్రముల యెదుట నిలిచిన బిడ్డలు చేసినపని పెద్దలు చేయవలసినది. మనము ముందుగనే మేల్కొనియున్న వారికి ఆ యక్కర కలిగెడిది కాదు.