వీర్యపరీక్షకు జంకి వెలుగు కొంటున్నారు

మా బంధువుల కుర్రాడు ఈమధ్య ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. వృషణాల మీద ఎర్రటి కాంతి పడేలా రోజూ కాసేపు కూర్చుంటే వీర్యకణాలు పెరుగుతాయట, ఏడాది తిరక్కుండా ఇంట్లో ఉయ్యాల కడతారట. నెల జీతం ఆ దీపానికి పోయడానికి సిద్ధపడ్డాడు. ‘‘వీర్యపరీక్ష చేయించావా?’’ అంటే తల దించుకున్నాడు. భార్యకు మాత్రం రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల ఎక్స్‌రే అన్నీ అయిపోయాయి. దీపం కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ మండించింది.

2022లో అమెరికా టీవీ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ ఒక ప్రచారచిత్రంలో ఎర్రదీపానికి ఎదురుగా నగ్నంగా నిలబడ్డ మగవాణ్ణి చూపించాడు. ఆ వెర్రికి అప్పట్నుంచి పేరొచ్చింది. అమ్మేవాళ్లు చెప్పే దాంట్లో పిసరంత నిజముంది. గాజు పళ్లెంలోని వీర్యకణాల మీద ఎర్రకాంతి వేస్తే అవి కాసేపు చురుగ్గా కదిలిన ప్రయోగాలున్నాయి. కానీ పళ్లెంలో కదలిక వేరు, ఒళ్లో బిడ్డ వేరు. దీపం ముందు కూర్చున్నందుకు పిల్లలు పుట్టారని తేల్చిన గట్టి రుజువేదీ లేదు.

మగవాడి లోపానికి కారణాలు ఒకటా రెండా? సంతానం లేని మగవాళ్లలో దాదాపు 40 శాతం మందికి వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్ కనిపిస్తుంది. గవదబిళ్లలు వృషణాలకు పాకి దెబ్బతీయొచ్చు. వీర్యనాళం మూసుకుపోవచ్చు. వై క్రోమోజోములో ముక్క లేకపోవచ్చు. కండల కోసం పొడిపించుకున్న టెస్టోస్టిరాన్ సూదులు కణాల తయారీనే ఆపేయొచ్చు. మూసుకుపోయిన నాళాన్ని ఏ వెలుగు తెరుస్తుంది? లేని జన్యువును ఏ దీపం అతికిస్తుంది? పైగా వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. వేడెక్కే దీపం అక్కడ పెడితే మేలు మాట అటుంచి కీడే జరగొచ్చు. వీర్యకణం తయారవడానికే 70 రోజులకు పైగా పడుతుంది. ‘ఇంకో విడత చూద్దాం’ అంటూ నెలలు గడిపేస్తే కరిగిపోయేది ఆ ఇల్లాలి వయసు.

మా మేనత్తను ఊరంతా గొడ్రాలంది. సీమంతాలకు పిలవలేదు. తడిబట్టలతో రావిచెట్టు చుట్టూ తిప్పారు, పుట్టలో పాలు పోయించారు, చివరికి భూతవైద్యుడితో వేపమండలు పెట్టి కొట్టించారు. ఆమె వీపు మీద తేలిన వాతలకు నాయనమ్మ కొబ్బరినూనె రాస్తూ ఏడుస్తుంటే పక్కనే నిలబడి చూశాను. మామయ్య రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ కడుపూ పండలేదు. ఆవిడనూ గొడ్రాలన్నారు. మామయ్యను మాత్రం చచ్చేదాకా ఎవరూ ఆస్పత్రి మెట్లెక్కమనలేదు.

ఆ రోజులు పోయాయనుకోకండి. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో గరుడ ప్రసాదం తింటే సంతానం కలుగుతుందని ప్రచారమైతే హైదరాబాదు శివారు రోడ్లు గంటల తరబడి స్తంభించాయి. ఆ ప్రసాదమూ ఆడవాళ్లకే. ఎర్రదీపం వచ్చాక మగవాడు కూడా తన వైపు చూసుకుంటున్నాడు కదా అని కొందరంటారు. చూసుకోవడం లేదు. పరీక్ష తప్పించుకోవడానికి అతనికి కొత్త చాటు దొరికింది, అంతే.

సంతానలేమిలో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపూ కారణం ఉంటుంది. వీర్యపరీక్షకు కోత లేదు, సూది లేదు. మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు కింది హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకు ఎంత తగ్గినా, ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992 నుంచీ ఉంది. దారులున్నాయి. వాటిలోకి అడుగుపెట్టాలంటే ముందు పరీక్ష కావాలి.

పెళ్లయి ఏడాది ప్రయత్నించినా పిల్లలు కలగకపోతే భార్యతో పాటే, మొదటిరోజే, భర్తకూ పరీక్ష జరగాలి. అతని రిపోర్టు చేతికి రాకుండా ఏ కోడల్నీ ఎవరూ ఒక్క మాటా అనడానికి వీల్లేదు.