గుడ్డముక్క పంపి చూడండి

లియోన్‌లో వస్త్ర ప్రదర్శనల కేటలాగులను ఇతర భాషల్లోకి చేయించడం నా ఉద్యోగం. ఫ్రెంచి నుంచి బెలారూసియన్‌లోకి చేసేవాళ్లు, అందులోనూ నేత తెలిసినవాళ్లు కావాలని అడిగితే ఏ అనువాద సంస్థయినా ఒకటే మాట: ‘ముందు రష్యన్‌లో చేయిద్దాం, ఆ తర్వాత మార్చుకోవచ్చు.’

నేను ఒప్పుకోను. నిజమే, 1995 నుంచి బెలారస్‌లో రష్యన్‌కూ అధికార హోదా ఉంది, నగరాల్లో వాడుకా ఎక్కువగా దానిదే. చొక్కా లేబుల్‌కు ఆ దారి సరిపోతుందేమో. కానీ గోమెల్ ప్రాంతంలోని నెగ్లూబ్కాలో తువ్వాళ్లు నేసే ఆడవాళ్ల నోట ఉన్న పనిమాటలు రష్యన్ మీదుగా వస్తే దారిలోనే రాలిపోతాయి.

బెలారస్‌లోని స్లుత్స్క్ పట్కానే చూడండి. 18వ శతాబ్దంలో రాద్జివిల్ ప్రభువుల కార్ఖానాలో పట్టుతో, బంగారు వెండి జరీతో మగవాళ్లు నేసిన నడికట్టు అది. రెండు వైపులా నిలువునా సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. మడిచి కట్టే తీరు మారిస్తే ఒకే పట్కా నాలుగు పట్కాలు. గిరాకీ చూసి లియోన్ నేతగాళ్లు కూడా ఆ తరహావి నేసి అమ్మారు. ఈ రెండు చోట్ల నేతకూ అంత పాత బంధుత్వం ఉంటే, మధ్యలో మూడో భాష దేనికి?

అందుకే అనువాదకులను డిగ్రీల కాగితాలు అడగడం మానేసి, జరీ బుటాలున్న రెండు గుడ్డముక్కలు వాళ్లకు పోస్టులో పంపి, వాటి గురించి రాయమంటున్నాను. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తిరగేస్తే తెలుస్తుంది: ఒకదానిలో అదనపు పేక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లింది, రెండోదానిలో బుటా హద్దులోనే తిరిగింది. ఫ్రెంచివాళ్లు మొదటిదాన్ని లాన్సే అంటారు, రెండోదాన్ని బ్రోషే అంటారు. మా ఉప్పాడ జాందానీలో బుటా బుటాకీ చిన్న కండె పెట్టి నేసేది ఈ రెండో పద్ధతిలోనే. రెండింటికీ ‘జరీ పని’ అని రాసేసే మనిషి నాకు వద్దు.

ఇద్దరిని కలిపి కూర్చోబెట్టడం ఇంకా మేలు: ఫ్రెంచి వచ్చిన బెలారూసియన్ ఒకరు, మగ్గం ఎక్కిన బెలారూసియన్ ఒకరు. 2020 నాటి నిరసనల తర్వాత దేశం విడిచి వార్సాలో, విల్నియస్‌లో ఉంటున్న చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను అడగండి. అయితే మాటకు ఇన్ని సెంట్లని లెక్కగట్టకండి. ఒక్క పనిమాట కోసం పల్లెలోని ముసలమ్మకు ఫోన్ చేసి పూటంతా మాట్లాడాల్సి రావచ్చు. ఆ పూటకూ కూలి ఇవ్వాలి, ఆ ముసలమ్మకూ ఇవ్వాలి.