ఇంటర్వ్యూ ముందురాత్రి చూర్ణమా?

ఇంటర్వ్యూ పిలుపు రాగానే మన ఇళ్ళలో మందుల వేట మొదలవుతుంది. సారస్వతారిష్టం, అశ్వగంధ లేహ్యం, బ్రాహ్మీఘృతం. ఎవరికి తోచింది వారు తెస్తారు. ఇది తగదనడానికి నాకున్న అర్హత నేను చేసిన పొరపాటే.

ఉదరం శుద్ధి అయితే బుద్ధి చురుకవుతుందని తలచి, మా పెద్దవాడిచేత ముందురాత్రి త్రిఫలచూర్ణం రెండు చెంచాలు వేడినీళ్ళతో త్రాగించాను. వాడికది అలవాటు లేదు. మరునాడు అభ్యర్థుల గదిలో కంటే మరుగుదొడ్డిలోనే ఎక్కువసేపున్నాడు. లోపలికి పిలిచేసరికి నీరసం, ఆదుర్దా. తెలిసిన ప్రశ్నలకే తడబడ్డాడు. ఉద్యోగం రాలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. నన్ను బాధించినది అదే.

దోషం త్రిఫలది కాదు. విరేచన గుణమున్న ద్రవ్యాన్ని వేళ కాని వేళ ఇచ్చిన నాది. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం దేహానికి ఊతలని చరకసంహిత చెబుతోంది. మొదటి రెంటినీ చెడగొట్టి మూలికలతో సరిదిద్దబోవడం అవివేకమని నా అభిప్రాయం. సివిల్ సర్వీసుల పరీక్షలో మొత్తం 2025 మార్కులలో ముఖాముఖికి 275 ఉన్నాయి. అటువంటి చోట కావలసింది స్థిమితం.

సర్టిఫికెట్లు, ఇస్త్రీచొక్కా సాయంత్రానికే సర్దించండి. రాత్రికి చారన్నం, మజ్జిగ, పెందలాడే పడక. ఉదయం రోజూ తినే ఇడ్లీలే చాలు. కాఫీ అలవాటుంటే ఒక్క గ్లాసు. అంతకు వారం ముందునుంచే జవాబులను పెద్దల ఎదుట పైకి చెప్పించండి. మనసులో వల్లెవేసినది సమయానికి నోట పలకదు.

రెండవవాడి ఇంటర్వ్యూకు ముందురాత్రి చూర్ణం సీసాను అటకెక్కించాను. "ఈసారి మందేమీ లేదా నాన్నా?" అని నవ్వాడు.