మన ఒండ్రుమట్టి - సముద్రపు లెక్క

కమ్మర్‌పల్లి విద్యార్థికి సముద్రంతో ఏమి పని అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఉర్దూలో నదిని ‘దరియా’ అంటారు. ఫారసీలో అదే మాటకు సముద్రమని అర్థం. ఒకే మాటలో ఇమిడిన ఈ రెండింటిని మన పాఠ్యపుస్తకాలు వేరువేరు అధ్యాయాలుగా విడదీశాయి. వీటిని తిరిగి కలిపి చదవవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం.

సముద్రపు పైపొరలో, సూర్యరశ్మి సోకినంత మేర, కంటికి కనిపించని నాచుజాతి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆహారం తయారుచేసుకుంటాయి. మరణించిన పిమ్మట అవి, వాటిని తిన్న చిన్న జీవుల విసర్జనలతో కలిసి, మెత్తని తునకలై అడుగుకు దిగుతాయి. దీనినే శాస్త్రజ్ఞులు ‘సముద్రపు మంచు’ అన్నారు. ఒక్కొక్క తునక రోజుకు కొన్ని పదుల మీటర్లు మొదలు కొన్ని వందల మీటర్ల వరకు దిగుతుంది.

ఆ ప్రయాణంలో బాక్టీరియా దానిని ఆశ్రయిస్తాయి. అవి ఎంజైములను వెలువరించి, పెద్ద అణువులను శరీరం వెలుపలనే విడగొట్టి, కరిగిన సారాన్ని లోనికి పీల్చుకుంటాయి. ఈ పనిలో నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. బొగ్గుపులుసు వాయువు తిరిగి విడుదలవుతుంది. పైన తయారైన సేంద్రియ పదార్థంలో నూటికి ఒక పాలు మాత్రమే సముద్రగర్భాన్ని చేరుతుందని అంచనా. పైపొరలలో కుళ్ళిన కర్బనం త్వరలోనే గాలిలో కలియగలదు. లోతుకు చేరినది వందల సంవత్సరాలు అక్కడ నిలుస్తుంది. కనుక తునక ఎంత వేగంగా మునిగినదన్నది చిన్న విషయం కాదు.

మన గోదావరి ప్రసక్తి ఇక్కడనే వస్తుంది. కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని, పోచంపాడు మీదుగా సాగి, ధవళేశ్వరం దాటి ఆ నది బంగాళాఖాతంలో కలుస్తుంది. నదులు మోసుకొచ్చిన సన్నని మట్టి ఈ తునకలకు అంటుకొని బరువునిస్తుంది. బరువెక్కిన తునక, బాక్టీరియా తమ పని ముగించక మునుపే లోతుకు చేరుకుంటుంది. బంగాళాఖాతంలో పాత్రలు వేలాడదీసి, రాలే పదార్థాన్ని పట్టి పరిశీలించిన భారత, జర్మన్ శాస్త్రజ్ఞులు 1991లో ఈ సంగతినే ప్రకటించారు.

మరి ఆ మట్టి ఇప్పుడు ఎక్కడ ఉన్నది? 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయపు సామర్థ్యం 112 టి.ఎం.సీ.లు, పూడికవల్ల అది తరువాతి సర్వేలలో 90కి, ఆపై 80కి చేరువైనది. ధవళేశ్వరం వద్ద 1970ల దశకంలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు సాగిపోగా, 2000-2006 మధ్య అది 6 కోట్ల టన్నులకు లోబడినది.

జలాశయాలను నిందించడం నా ఉద్దేశం కాదు. వాటి నీటితో పండిన పంట తిన్నవారము మనము. కాని పూడికను నీటి నష్టంగా మాత్రమే లెక్కించడం సగం లెక్క. బంగాళాఖాతపు నడిమి పొరలలో ప్రాణవాయువు లేశమాత్రమే మిగిలి ఉన్నదని 2017లో ప్రకటితమైన పరిశోధన తెలుపుతున్నది. ఆ లేశమూ తరిగితే, అరేబియా సముద్రంలో వలె, బాక్టీరియా నైట్రేటును వాడుకొని నత్రజని వాయువుగా మార్చివేస్తాయి. నాచుకు ఎరువు తగ్గుతుంది, దానిపై ఆధారపడిన చేపకు మేత తగ్గుతుంది. మట్టి బరువు తగ్గి తునకలు నడిమి పొరలలోనే ఎక్కువగా కుళ్ళితే ఆ లేశం నిలుస్తుందా? ప్రాజెక్టుల ప్రణాళికలలో ఈ ప్రశ్నకు కూడా ఒక వరుస ఉండాలని నేను కోరుతున్నాను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. రెండు గాజు జాడీలలో ఉప్పునీరు పోసి, రెండింటిలో నానిన ఆకుల పొడిని, ఒకదానిలో మాత్రం జలాశయపు ఒండ్రును కలిపి, ఏది ముందు అడుగుకు చేరునో మా చేత పరిశీలింపజేయండి. దానికి పెద్ద ఖర్చు లేదు. ఆనాడు దరియా అన్న మాటకు రెండు అర్థాలూ మా కళ్ళ ఎదుటనే కనిపిస్తాయి.