నేల ఉసిరి మనది, లాభం ఎవరిది?

నేల ఉసిరిని మనం కలుపు మొక్క అని పీకి గట్టు మీద పారేస్తాం. ఇంట్లో ఎవరికైనా పచ్చకామెర్లు వస్తే అదే మొక్కను వెతికి తెచ్చి, నూరి తాగిస్తాం. ఈ వాడుకను చూసే శాస్త్రవేత్తలు అందులో వైరస్‌ను అణచే పదార్థాల కోసం వెతికారు.

హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్, మద్రాసు పరిశోధకులు కలిసి 1988లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. ఈ మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ కనిపించకుండా పోయింది. అంతకుముందే, 1987లో, అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది. అయితే తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో అంతటి ఫలితం రాలేదు. అందుకే ఆకుపసరును నమ్ముకుని బిడ్డలకు ఉచితంగా వేసే టీకా మానొద్దు.

అలాగని పరిశోధన ఆపాలని మేం అనడం లేదు. ప్రభుత్వ ఖర్చుతో, పక్కాగా జరగాలంటున్నాం. మందు తేలితే ఊరికీ వాటా దక్కాలి. 2002 జీవవైవిధ్య చట్టం ఆ హక్కు ఇచ్చింది. 2023 సవరణ మాత్రం గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా ఇచ్చే పని లేకుండా చేసింది. మన తాతల తెలివి పుస్తకంలోకి ఎక్కితే మన హక్కు పోవాలా? ఈ మినహాయింపు ఎత్తేయాలి. ఈలోగా ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీని పనిచేయిద్దాం. మన మొక్కలు, వాటి వాడుక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లో రాయిద్దాం.